ఉప్పల్‌లో ఏడుకి ఏడు: దక్కన్ చార్జర్స్ మొదటి సీజన్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఓడిపోయిన టీమ్ గురించి. గెలిచిన టీమ్‌ల గురించి రీల్స్ బోలెడు ఉన్నాయి, అవి మీరు చూసే ఉంటారు. మనం ఓటమి సంగతి చూద్దాం.

అడిక్‌మెట్ నుంచి యూనివర్సిటీ లోపల్నుంచి తార్నాకకి వచ్చి నాగోల్ వైపు మెట్రో ఎక్కితే, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, ఆ తర్వాత మూడో స్టాప్ పేరే స్టేడియం. ఆ స్టేషన్‌లో దిగి ఇప్పుడు ఆరెంజ్ జెర్సీలు వేసుకుని సన్‌రైజర్స్ మ్యాచ్‌కి వెళ్తున్నారు కదా, 2008లో ఆ మెట్రో లేదు. ఆరెంజ్ జెర్సీ కూడా లేదు. సిటీ బస్సు, లేదా షేర్ ఆటో. వెళ్లి చూసేది దక్కన్ చార్జర్స్‌ని. ఆ సంవత్సరం ఆ టీమ్ ఉప్పల్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడింది. ఏడూ ఓడిపోయింది.

మళ్లీ చెప్తున్నా, ఏడుకి ఏడు. సొంత గ్రౌండ్‌లో ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు.

టీమ్ చిన్నదా, డబ్బుల్లేవా అంటే అదేం కాదు. 2008 జనవరి 24న ఫ్రాంచైజీలు అమ్మినప్పుడు హైదరాబాద్‌ని దక్కన్ క్రానికల్ పేపర్ వాళ్లు పదేళ్లకి దాదాపు 107 మిలియన్ డాలర్లకి కొన్నారు. ముంబై, బెంగళూరు తర్వాత మూడో ఖరీదైన టీమ్ మనదే. ఫిబ్రవరి 20న ప్లేయర్ల వేలం జరిగితే ఆండ్రూ సైమండ్స్‌ని 13 లక్షల 50 వేల డాలర్లకి తెచ్చుకున్నారు. ఆ రోజు అతని కన్నా ఎక్కువ రేటు పలికింది ధోనీ ఒక్కడే. ఇంకా ఆడమ్ గిల్‌క్రిస్ట్, హెర్షల్ గిబ్స్, షాహిద్ అఫ్రిది, స్కాట్ స్టైరిస్, చమిందా వాస్, ఆర్పీ సింగ్. వీళ్లతో పాటు ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడు, పేరు రోహిత్ శర్మ. అవును, ఆ రోహితే. అప్పుడు మనవాడు.

కెప్టెన్ వీవీఎస్ లక్ష్మణ్. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అప్పట్లో ఐకాన్ ప్లేయర్ అని ఒక రూల్ ఉండేది. సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్ తమ సిటీ టీమ్‌లకి ఐకాన్‌లు. ఐకాన్‌కి ఆ టీమ్‌లో అందరికన్నా ఎక్కువ జీతం రావాలి. లక్ష్మణ్‌కి కూడా ఆ చాన్స్ వచ్చింది, ఆయన వద్దన్నాడు. తన కోసం పెట్టే డబ్బు వేలంలో వాడుకుని మంచి ప్లేయర్లని కొనుక్కోమన్నాడు. లక్ష్మణ్ లాంటి మనిషే చేయగలిగే పని అది. ఆ డబ్బుతో మంచి టీమ్ వచ్చిందా అంటే, పేపర్ మీద మాత్రం వచ్చింది.

ప్రాబ్లమ్ ఎక్కడంటే, ఫైనల్ లెవెన్‌లో నలుగురు ఫారినర్లకే చోటు. మనవాళ్లు కొన్నది అంతకన్నా ఎక్కువమంది ఫారిన్ స్టార్లని. ఎవరిని ఆడించినా ఇంకో స్టార్ బెంచ్ మీద కూర్చోవాల్సిందే. పైగా డబ్బంతా బ్యాటింగ్ వైపు వెళ్లింది. రన్స్ వచ్చేవి. గిల్‌క్రిస్ట్ ఆ సీజన్‌లో 436, రోహిత్ 404 కొట్టారు. అయితే ఆ రన్స్‌ని కాపాడే బౌలింగ్ లేదు.

మొదటి మ్యాచ్ ఏప్రిల్ 20న కోల్‌కతాలో, 110కే ఆలౌట్. రెండోది ఉప్పల్‌లో ఏప్రిల్ 22న, ఢిల్లీతో. సెహ్వాగ్ 94 నాటౌట్, తొమ్మిది వికెట్ల తేడాతో ఓటమి. సరే, కొత్త టీమ్, సర్దుకుంటుందిలే అనుకునే టైమ్‌లో ఏప్రిల్ 24 వచ్చింది.

ఆ మ్యాచ్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే సీజన్ మొత్తం అందులోనే ఉంది. ప్రత్యర్థి రాజస్థాన్ రాయల్స్. వేలంలో అన్నిటికన్నా తక్కువ రేటుకి, 67 మిలియన్ డాలర్లకి అమ్ముడైన టీమ్. షేన్ వార్న్ కెప్టెన్, అతనే కోచ్. మనవాళ్లు ముందు బ్యాటింగ్. సైమండ్స్ 53 బంతుల్లో 117 నాటౌట్. స్కోరు 214. 2008లో 214 అంటే ఇప్పటి 214 కాదు ఫ్రెండ్స్, అప్పుడది కొండంత స్కోరు. ఉప్పల్‌లో మొదటి గెలుపు వచ్చేసినట్టే అనిపించింది.

రాజస్థాన్ తరఫున గ్రేమ్ స్మిత్ 71, యూసుఫ్ పఠాన్ 61 కొట్టారు. అయినా చివరి ఓవర్‌కి 17 రన్స్ కావాలి. స్ట్రైక్‌లో వార్న్, బౌలర్ ఎవరో తెలుసా? సెంచరీ కొట్టిన సైమండ్సే. ఇద్దరూ ఆస్ట్రేలియా టీమ్‌లో కలిసి ఆడినవాళ్లు. వార్న్ ఒక ఫోర్, రెండు సిక్సర్లు కొట్టాడు. ఇంకో బంతి మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది. అంత గొప్ప సెంచరీ కొట్టినవాడే చివరి ఓవర్ వేయాల్సి వచ్చిందంటే, ఆ పని చేయడానికి టీమ్‌లో వేరే మనిషి లేడన్నమాట. నా లెక్కలో ఆ సీజన్ రోగం అదే. తర్వాత కొన్ని రోజులకే సైమండ్స్ ఆస్ట్రేలియా టూర్ ఉందని వెళ్లిపోయాడు. 13 లక్షల డాలర్ల ప్లేయర్ ఆడింది నాలుగు మ్యాచ్‌లు.

ఆ సీజన్‌లో గెలిచినవి రెండే. ఏప్రిల్ 27న ముంబైలో గిల్‌క్రిస్ట్ 42 బంతుల్లో సెంచరీ కొట్టాడు. 155 టార్గెట్‌ని ఒక్క వికెట్ పడకుండా 12 ఓవర్లలో ఊదేశారు. మే 6న చెన్నైలో చెన్నై మీదే గెలిచారు. చూడండి తమాషా: ముంబై వాళ్ల ఇంట్లో, ధోనీ ఇంట్లో గెలిచిన టీమ్, మన ఇంట్లో మాత్రం గెలవదు. బెంగళూరులో 3 రన్స్ తేడాతో, ఢిల్లీలో 12 రన్స్ తేడాతో పోయాయి. లక్ష్మణ్ గాయంతో తప్పుకున్నాడు, గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు. చెన్నై గెలుపు తర్వాత ఆడిన ఏడు మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయారు. మే 27న ఉప్పల్‌లో చివరి మ్యాచ్, అది కూడా అంతే. 14 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 12 ఓటములు, ఎనిమిదో ప్లేస్. ఉన్నదే ఎనిమిది టీమ్‌లు. కప్పు ఎవరు కొట్టారంటే, ఆ 67 మిలియన్ల రాజస్థాన్.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు ఫ్లాప్ స్టోరీ. అసలు కథ తర్వాతే ఉంది.

2009లో దేశంలో ఎలక్షన్లు. సెక్యూరిటీ ఇవ్వలేమని ఐపీఎల్ మొత్తాన్ని సౌత్ ఆఫ్రికాకి తీసుకెళ్లారు. రాబిన్ సింగ్ ప్లేస్‌లో డారెన్ లీమన్ కోచ్‌గా వచ్చాడు, కెప్టెన్ గిల్‌క్రిస్ట్. టీమ్‌లో ముఖ్యమైనవాళ్లు చాలామంది పాతవాళ్లే. అయితే ఈసారి బౌలింగ్ కుదిరింది. ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ కొట్టాడు. రోహిత్ శర్మ ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు, బౌలింగ్‌లో! సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ ఢిల్లీ మీద 35 బంతుల్లో 85. మే 24న జోహానెస్‌బర్గ్‌లో ఫైనల్, బెంగళూరుతో. గిల్‌క్రిస్ట్ డకౌట్. కుంబ్లే 16 రన్స్‌కి 4 వికెట్లు తీశాడు. గిబ్స్ 53 నాటౌట్‌గా నిలబడితే స్కోరు 143కి వెళ్లింది. చివరి ఓవర్లో బెంగళూరుకి 15 కావాలి, ఆర్పీ సింగ్ 8 ఇచ్చాడు. 6 రన్స్‌తో దక్కన్ చార్జర్స్ చాంపియన్.

పోయిన ఏడాది లాస్ట్, ఈ ఏడాది ఫస్ట్. హైదరాబాద్ టీమ్ కప్పు కొట్టింది, హైదరాబాద్ దాన్ని టీవీలో చూసింది.

పోనీ, నెక్స్ట్ ఇయర్ చాంపియన్స్‌గా ఉప్పల్‌కి వస్తారు కదా? 2010 సీజన్ ఓపెనింగ్ మ్యాచ్ చాంపియన్ల ఇంట్లో, అంటే హైదరాబాద్‌లోనే పెట్టారు. ఇక్కడే మన యూనివర్సిటీ ఏరియా కథలోకి వస్తుంది. 2009 నవంబర్ చివర్లో కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9న కేంద్రం ప్రకటన, తర్వాత వెనక్కి తగ్గడం, ఇదంతా మీకు తెలిసిందే. ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ సభలు, ర్యాలీలు, క్యాంపస్ నిండా పోలీసులు. అడిక్‌మెట్, విద్యానగర్, తార్నాక రోడ్లు ఎప్పుడు తెరిచి ఉంటాయో ఎప్పుడు మూస్తారో తెలియని రోజులు. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ లాంటి క్యాంపస్‌కి స్టేడియం ఎంత దూరమో పైన చెప్పాను కదా. ఐపీఎల్ వాళ్లు హైదరాబాద్ మ్యాచ్‌లన్నీ మార్చేశారు. డిఫెండింగ్ చాంపియన్స్ 'హోమ్' మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలో జరిగాయి.

రాష్ట్రమే తేలాల్సిన టైమ్‌లో క్రికెట్ మ్యాచ్ ఎక్కడ జరిగితే ఏంటి అని అడగొచ్చు, న్యాయమే. హాస్టళ్లలో ఉన్నవాళ్లకి అప్పుడు కావాల్సింది వేరు. కానీ టీమ్ లెక్క టీమ్‌ది, అది కూడా రాసి పెట్టుకోవాలి కదా.

దక్కన్ చార్జర్స్ ఉప్పల్‌లో మొదటిసారి గెలిచింది ఎప్పుడో తెలుసా? 2011 ఏప్రిల్ 14. బెంగళూరు మీద 33 రన్స్‌తో. టీమ్ పుట్టిన మూడేళ్లకి, కప్పు కొట్టిన దాదాపు రెండేళ్లకి. అప్పటికి కెప్టెన్ సంగక్కర. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి వెళ్లిపోయాడు, రోహిత్ ముంబైకి. అంటే కప్పు తెచ్చిన టీమ్, హైదరాబాద్ వాళ్ల ముందు ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండానే చెల్లాచెదురైపోయింది.

మరో ఏడాదిన్నరకి టీమే లేదు. ఓడిపోతోందని తీసేయలేదు. ఓనర్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, ప్లేయర్లకి డబ్బులు అందలేదు. టీమ్‌ని అమ్మకానికి పెడితే 900 కోట్లకి ఒక బిడ్ వచ్చింది, కంపెనీ కాదంది. మర్నాడే, 2012 సెప్టెంబర్ 14న బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. కేసు కోర్టుకెళ్లింది, అదో పెద్ద సీరియల్. అక్టోబర్ 25న సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ టీమ్‌ని కొనుక్కుంది. సన్‌రైజర్స్ 2013 ఏప్రిల్ 5న ఉప్పల్‌లో ఆడిన మొట్టమొదటి మ్యాచే గెలిచింది. దక్కన్ అభిమానికి ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి. మూడేళ్లు ఎదురుచూసినది, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి సాయంత్రమే దొరికింది.

ఇది క్రికెట్ ఒక్కదానికే జరిగిందని అనుకోకండి. గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ, ఫుట్‌బాల్. 2019లో పుణె టీమ్ మూతపడితే దాని ప్లేస్‌లో పుట్టింది. మొదటి సీజన్లో 18 మ్యాచ్‌లకి 2 గెలుపులు, లాస్ట్ ప్లేస్. తర్వాత మనోలో మార్కేజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లతో టీమ్ కట్టాడు. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ చాంపియన్. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఎక్కడ జరిగింది? గోవాలో. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం అక్కడే. మళ్లీ టీవీలోనే చూశాం.

ఆ తర్వాత మళ్లీ డబ్బుల గొడవ. జీతాలు ఆగిపోయాయి, కొత్త ప్లేయర్లని తీసుకోకుండా బ్యాన్ పడింది. 2023-24 సీజన్ మధ్యలో ఫారిన్ ప్లేయర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బ్రెజిల్ నుంచి వచ్చిన కెప్టెన్ జోవావ్ విక్టర్ ఒక్కడే ఆగాడు. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక గెలుపు, 8 పాయింట్లు, లాస్ట్ ప్లేస్. సరిగ్గా ఆ సీజన్ ముగిసే వారంలో, 2024 ఏప్రిల్‌లో, మైదాన్ సినిమా రిలీజైంది. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి అజయ్ దేవగణ్ చేసిన సినిమా. 1951లో, 1962లో ఇండియాకి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన మనిషి ఆయన. థియేటర్లో రహీమ్ సాబ్ గెలుస్తున్నాడు, గచ్చిబౌలిలో ఆయన ఊరి టీమ్ ఓడుతోంది. తర్వాత ఓనర్లు మారారు, 2025లో టీమ్ ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకుంది.

ఫ్రాంచైజీ అంటే ఏంటో ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. ఊరి పేరు జెర్సీ మీద ఉంటుంది, టీమ్ మాత్రం కాగితాల్లో ఒక కంపెనీది. హైదరాబాద్ రంజీ టీమ్‌ని చూడండి. 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి కప్పు కొట్టింది. మధ్యలో, ఆ తర్వాత ఎన్ని ఓడినా ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరూ అమ్మలేరు.

దక్కన్ చార్జర్స్ నీలం జెర్సీ ఇప్పటికీ ఎవరి బీరువాలో అయినా ఉంటే, 2008లో ఆ ఏడు మ్యాచ్‌ల్లో ఒక్కదానికైనా ఉప్పల్ వెళ్లిన అన్నయ్యలో, బాబాయిలో మీ ఇంట్లో ఉంటే, ఏప్రిల్ 24 రాత్రి ఎలా జరిగిందో అడిగి కామెంట్‌లో రాయండి. చివరి ఓవర్ సైమండ్స్‌కి ఎందుకిచ్చారో వాళ్లకి తప్పకుండా ఒక థియరీ ఉంటుంది. ఉంటా మరి.