కుందేలు తింటూనే చిక్కిపోతోందా? కారణం ఇలా వెతకండి

కుందేలుకు జబ్బు చేసిన సంగతి మనకు తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమై ఉంటుంది. గేదె పాలు తగ్గిస్తే ఆ పూటే తెలుస్తుంది. ఎద్దు మేత మానితే అందరి కంట్లో పడుతుంది. కుందేలు అలా కాదు. నక్కకు, కుక్కకు, గద్దకు చిక్కే జాతి కాబట్టి నొప్పి ఉన్నా, నీరసం ఉన్నా పైకి కనపడనివ్వకుండా మూలన కూర్చుంటుంది. ఒత్తైన బొచ్చు వల్ల కండ కరిగిపోతున్నా కంటికి తెలియదు. ఎత్తుకున్నప్పుడు "ఇంత తేలికగా ఉందేమిటి" అనిపించే నాటికి బరువులో పదో వంతు పోయి ఉండవచ్చు.

పిల్లల ముచ్చట కోసం ఒక్క కుందేలును పెంచుకున్నా, పెరట్లో రెండు మూడు జతలు పెట్టుకున్నా పద్ధతి ఒకటే. మందుల షాపుకు వెళ్ళి టానిక్కు, నట్టల మందు తెచ్చి పోసే ముందు మూడు చూడాలి: కాటా, నోరు, పెంటికలు. చాలా వరకు కారణం ఈ మూడింటిలోనే దొరుకుతుంది, పైగా వీటికి పైసా ఖర్చు లేదు.

ముందు తూకం

చేత్తో ఎత్తి అంచనా వేయడం కాదు, తూకం వేయండి. కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ కాటా చాలు. కుందేలును గుడ్డ సంచిలోనో, మూత ఉన్న బుట్టలోనో పెట్టి తూచి, సంచి బరువు తీసేయండి. వారానికి ఒకసారి, అదే రోజు, ఉదయం మేత వేయకముందు తూచి బోనుకు కట్టిన అట్ట మీద రాయండి. మేత తిన్నాక ఒకరోజు, తినకముందు ఇంకోరోజు తూచితే ఆ తేడానే జబ్బులా కనిపిస్తుంది.

3 కిలోల 200 గ్రాములు ఉండే కుందేలు 2 కిలోల 900 గ్రాములకు వచ్చిందనుకోండి. "మూడు వందల గ్రాములేగా" అనిపిస్తుంది. 60 కిలోల మనిషి ఐదున్నర కిలోలు తగ్గినదానితో అది సమానం. నూటికి ఐదు వంతులు తగ్గితే వెతకడం మొదలుపెట్టాలి. పది వంతులు తగ్గితే వెతుకుతూ కూర్చోకుండా పశువైద్యునికి చూపించాలి.

ఎదిగే పిల్లల విషయంలో లెక్క వేరు. తల్లి నుంచి వేరు చేసిన పిల్ల బరువు తగ్గనక్కరలేదు, వారం రోజులు పెరగకుండా అలాగే ఉన్నా అది తగ్గినట్టే.

తూకంతో పాటు వీపు మీద చెయ్యి వేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుందేలుకు వెన్నుపూసలు వేలికి గుండ్రంగా, కండ కప్పినట్టు తగులుతాయి. చిక్కిన కుందేలుకు రంపం పళ్ళలా మొనదేలి తగులుతాయి. కడుపు ఉబ్బి వీపు ఎండిపోయి ఉంటే దాన్ని "బాగా తిన్నది" అనుకోకండి. ముఖ్యంగా పిల్లల్లో అది జబ్బు గుర్తు.

తింటోందా, తినాలనుకుంటోందా?

"తింటోందండీ" అని చాలామంది చెబుతారు. అంటే గిన్నె దగ్గరకు వస్తోంది అని అర్థం. ఎంత తింటోందో తెలియాలంటే చిక్కిన కుందేలును రెండు మూడు రోజులు వేరే బోనులో పెట్టి, దాణా, మేత తూచి వేసి, మర్నాడు మిగిలింది తూచాలి. 4, 5 కిలోల పెద్ద కుందేలుకు రోజుకు 100 గ్రాముల దాణా, 250 నుంచి 300 గ్రాముల పచ్చిమేత వేయడం మామూలు. చిన్న కుందేలుకు ఆ మేరకు తగ్గించుకోండి.

ఇలా వేరు చేసినప్పుడు కొన్నిసార్లు జబ్బేమీ లేదని తేలిపోతుంది. ఒకే బోనులో ఉన్న రెండో కుందేలు గిన్నె దగ్గరకు రానివ్వకపోవడమే కారణం. విడిగా పెట్టిన వారానికే బరువు మళ్ళీ వస్తే ఇక మందు అవసరం లేదు, రెండో బోను కావాలి.

గిన్నె దగ్గరకు ఆశగా వచ్చి, నోట్లో పెట్టుకుని, వదిలేస్తుంటే పళ్ళు చూడాలి. గట్టి గుళికల దాణా వదిలి మెత్తని ఆకు మాత్రమే తింటున్నా, గడ్డం కింద బొచ్చు తడిసి అతుక్కుపోయినా, ఒక కంటి నుంచే నీరు కారుతున్నా అనుమానం పళ్ళ మీదే. కుందేలుకు 28 పళ్ళు. అవన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమలడం వల్ల ఎప్పటికప్పుడు అరిగి సమానంగా ఉంటాయి. గడ్డి తక్కువై దాణా, బిస్కెట్లు, అన్నం ఎక్కువైతే అరుగుదల సరిపోదు.

ఒకరు కుందేలును తువ్వాలులో చుట్టి ఒడిలో పట్టుకుంటే ఇంకొకరు పై పెదవి మెల్లగా పైకి లేపి చూడండి. పై పళ్ళు కింది పళ్ళకు కొద్దిగా ముందుండాలి. కింది పళ్ళు బయటికి పొడుచుకొచ్చినా, పై పళ్ళు లోపలికి వంకర తిరిగినా కుందేలు మేత కొరకలేదు. దవడ పళ్ళు మనకు కనపడవు. వాటి అంచులు మొనదేలి నాలుకను, బుగ్గను కోస్తుంటాయి. దవడ కింద వేళ్ళతో తడిమి రెండు వైపులా పోల్చండి. గడ్డ తగిలితే వేరు దగ్గర చీము పట్టి ఉండవచ్చు.

పెరిగిన పళ్ళను గోళ్ళ కత్తెరతో, కటింగ్ ప్లయర్‌తో కత్తిరించేవాళ్ళున్నారు. ఆ పని చేయకండి. పన్ను నిలువునా చీలి వేరు వరకు పగుళ్ళు పోతాయి, తరువాత చీము పడుతుంది. డాక్టరు మత్తు ఇచ్చి సరిచేస్తారు. ముందు పళ్ళ వంకర పుట్టుకతో వచ్చినదైతే ఆ కుందేలును పిల్లల కోసం జత కట్టించవద్దు. అది సంతానానికీ వస్తుంది.

అసలు తినాలనే కోరికే లేకపోతే నొప్పి, జ్వరం, ఎండ దెబ్బ, నీళ్ళు అందకపోవడం చూడాలి. వీటిలో నీళ్ళ సంగతి తేలికగా మరచిపోతాం. సీసా నిండుగానే కనిపిస్తుంది, కానీ నిపుల్‌కు పాచి పట్టి చుక్క రాదు. నీళ్ళు లేని కుందేలు పొడి దాణా ముట్టదు. రోజూ వేలితో నిపుల్ నొక్కి చూడండి. ఇక ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండల్లో కుందేలు తిండి తగ్గించడం సహజమే. దానికి 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక మేత వేయండి. బోను చుట్టూ తడి గోనె కట్టి, గాలి ఆడేలా ఉంచండి. రాత్రంతా వీధికుక్కలు బోను చుట్టూ తిరిగినా భయంతో తినడం మానేస్తుంది.

పెంటికలు చెప్పే సంగతి

ఆరోగ్యంగా ఉన్న కుందేలు పెంటికలు గుండ్రంగా, ఒకే పరిమాణంలో, విరిస్తే లోపల గడ్డి పీచు కనపడేలా ఉంటాయి. అవి చిన్నవై, నల్లబడి, సంఖ్య తగ్గాయంటే లోపలికి వెళ్ళేది తగ్గింది, పేగుల కదలిక కూడా తగ్గుతోంది. బొచ్చుతో దండలా గుచ్చుకుని వస్తే బొచ్చు ఎక్కువ మింగుతోంది, పీచు మేత చాలడం లేదు.

కుందేలు రాత్రివేళ, తెల్లవారుజామున ఇంకో రకం మెత్తని పెంటికలు వేసి, వాటిని నేరుగా నోటితో అందుకుని తింటుంది. చూసినవాళ్ళు అసహ్యించుకుంటారు గానీ, ప్రొటీను, బి విటమిన్లు దానికి అందే మార్గాల్లో అదొకటి. ద్రాక్ష గుత్తిలా అంటుకుని మెరిసే ఈ పెంటికలు బోను కింద మిగిలి కనిపిస్తుంటే దాణా ఎక్కువైందని గానీ, నడుము నొప్పితో వంగలేకపోతోందని గానీ అనుకోవాలి. దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచి చూడండి. దీన్ని పారుడుగా పొరబడి మందులు వాడవద్దు.

బాగా తింటూనే చిక్కిపోతుంటే

ఎదిగే పిల్లల్లో మొదటి అనుమానం కాక్సీడియోసిస్. కంటికి కనపడని సూక్ష్మజీవి పేగుల్లో గానీ, కాలేయంలో గానీ చేరుతుంది. కడుపు ఉబ్బడం, బొచ్చు మెరుపు పోయి లేచి నిలబడటం, పారుడు, ఎదుగుదల లేకపోవడం దీని గుర్తులు. కాలేయానికి పట్టిన రకంలో పారుడు లేకుండానే చిక్కిపోవచ్చు. తాజా పెంటికలు పదిపదిహేను శుభ్రమైన డబ్బాలో పెట్టి పశువైద్యశాలకు ఇస్తే మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. మందు, మోతాదు డాక్టరు చెప్పాలి. మందు ఎంత మంచిదైనా, బోను అడుగు తడిగా, పెంటికల మీదే మేత పడేలా ఉంటే జబ్బు మళ్ళీ వస్తుంది. మేతను నేల మీద కాకుండా గడ్డి తట్టలో వేయండి.

పిల్ల ఏదైనా చనిపోతే వెంటనే పాతిపెట్టకండి. ఐసు పెట్టిన డబ్బాలో ఆ రోజే పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకెళ్తే మిగిలినవాటిని కాపాడుకునే దారి దొరుకుతుంది. కాలేయం మీద తెల్ల మచ్చలు కనపడితే చాలా వరకు విషయం తేలుతుంది. చచ్చిన కుందేలు పేగులు, కాలేయం కుక్కలకు వేయవద్దు. అందులోని నీటి తిత్తుల వల్ల కుక్కలకు బద్దె పురుగులు వస్తాయి, కుక్క మలం పడిన గడ్డి తిని మళ్ళీ కుందేళ్ళకు అంటుతుంది.

పెద్ద కుందేళ్ళలో దాణా వాసన చూడండి. వేరుశనగ చెక్క, మొక్కజొన్న తడిసి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని మెల్లగా దెబ్బతీస్తుంది. కుందేలు నెలల తరబడి చిక్కుతూనే ఉంటుంది, కారణం అంతుపట్టదు. బూజు గీకి ఎండబెట్టి వేసినా విషం పోదు, పారేయాల్సిందే. పచ్చిమేత ఎక్కడ కోశారో కూడా గుర్తు తెచ్చుకోండి. పురుగుమందు, కలుపుమందు కొట్టిన చేను గట్టు గడ్డి వద్దు. సుబాబుల్ ఆకు ఎక్కువైతే బొచ్చు రాలి, ఎదుగుదల తగ్గుతుంది. గరిక, అవిసె ఆకు, లూసర్న్ కలిపి వేయండి. ఏ కొత్త మేతైనా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

చెవులు విప్పి చూడండి. లోపల పొరలు పొరలుగా గోధుమరంగు చెక్కు కట్టి ఉంటే చెవి గజ్జి. దురదతో తల విదిలిస్తూ నిద్ర లేక చిక్కిపోతుంది. చెక్కు పీకవద్దు, రక్తం వస్తుంది. ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ డాక్టరు చేత వేయించి, చెప్పిన రోజుకు రెండో డోసు కూడా తప్పక వేయించాలి. ఒకదానికి ఉంటే అన్నింటికీ చూపించండి. ముక్కు మీద, పాదాల మీద వచ్చే గజ్జి మనుషులకూ దురద తెస్తుంది కాబట్టి పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పాదాల అడుగున పుండ్లు ఉన్నా, తుమ్ములతో ముక్కు కారుతూ ముందు కాళ్ళ లోపలి బొచ్చు అట్ట కట్టినా బరువు తగ్గుతుంది.

ఆడ కుందేలైతే పిల్లలకు పాలిస్తున్నప్పుడు కొంత తగ్గడం మామూలే. ఆ రోజుల్లో దాణా 150 గ్రాములకు పెంచి, మళ్ళీ కండ పట్టే వరకు జత కట్టించకుండా ఆపండి. మూడు నాలుగేళ్ళు దాటిన, పిల్లలు పెట్టని పెంపుడు ఆడ కుందేలు చిక్కిపోతూ మూత్రంలో రక్తం పడుతుంటే గర్భసంచిలో కణితి ఉందేమో చూపించాలి. ఈ జాతిలో అది తరచుగా వచ్చేదే.

ఇంట్లో ఉన్న మందులు పోయకండి

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది ఇది. మనుషులకు, మేకలకు వాడే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటివి కుందేలుకు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, రెండు మూడు రోజుల్లో పారుడుతో చనిపోవచ్చు. కుక్కల పేలకు, గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు ప్రమాదమే. చిక్కిన కుందేలు జబ్బుతో కాక ఈ మందులతో పోవడం మరీ బాధాకరం.

పన్నెండు గంటలు ఏమీ తినక, పెంటికలు వేయకపోతే అది అత్యవసరం. తెల్లవారే వరకు చూద్దాం అనుకోవద్దు. కడుపు ఉబ్బి డోలులా గట్టిగా లేకపోతే, వైద్యం అందేలోగా గుళికల దాణాను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, సూది తీసేసిన సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా, మింగనిచ్చి మింగనిచ్చి పట్టవచ్చు. కడుపు ఉబ్బి ఉంటే ఏమీ పట్టకండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవల వివరాలు చెబుతారు. ఊళ్ళో కుందేళ్ళను చూసిన అనుభవం ఉన్నవారు లేకపోతే వెటర్నరీ పాలీక్లినిక్‌కు గానీ, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు గానీ తీసుకెళ్ళండి. ఎండ తగలకుండా గాలి ఆడే బుట్టలో, కాస్త గడ్డి వేసి తీసుకెళ్ళాలి. తూకాలు రాసిన అట్ట, ఆ ఉదయం పెంటికలు, వాడుతున్న దాణా గుప్పెడు వెంట ఉంచుకోండి. మాంసానికి అమ్మే కుందేళ్ళయితే మందు వేశాక ఎన్ని రోజులు ఆగాలో అక్కడే అడిగి రాసుకోండి.

వైద్యం మొదలయ్యాక వారానికి ఒకసారి కాక రెండు రోజులకు ఒకసారి తూచండి. వారం దాటినా కాటా మీద అంకె కదలకపోతే అదే మందు పొడిగించకుండా మళ్ళీ చూపించండి.