శోక కౌన్సెలింగ్

ఆప్తులను పోగొట్టుకున్నవారికి, శిక్షణ పొందిన కౌన్సెలర్ మాటల ద్వారా అందించే సహాయాన్ని శోక కౌన్సెలింగ్ అంటారు. శోకం జబ్బు కాదు. మనిషి పోయాక నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, పోయినవారు పిలిచినట్టు అనిపించడం సహజం. చాలామందికి ఇంటివాళ్ళ ఆసరాయే సరిపోతుంది. శోకం నెలల తరబడి ఏమాత్రం సడలకపోయినా, దాని చాటున కుంగుబాటు, అంటే డిప్రెషన్, ముదిరినా కౌన్సెలర్ అవసరమవుతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూడడమే కౌన్సెలర్ మొదటి పని. అన్నిటికంటే కష్టమైనదీ అదే. శోకం తెరలు తెరలుగా వస్తుంది. పండగనాడో, పాత చొక్కా చేతికి తగిలినప్పుడో పొంగుతుంది. మధ్యలో మనవడి మాటలకు నవ్వూ వస్తుంది. కుంగుబాటు అలా తెరిపి ఇవ్వదు. శోకంలో లోకం బోసిపోతే, కుంగుబాటులో తానే దేనికీ పనికిరానన్న భావం పట్టుకుంటుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన ‘మోర్నింగ్ అండ్ మెలంకొలియా’ వ్యాసంలో గుర్తించిన ఈ తేడా ఇప్పటికీ పనికొస్తోంది. ‘నేనూ ఆయనతో పోయుంటే బాగుండేది’ అన్న మాట వినబడితే కౌన్సెలర్ దాటవేయరు. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా, ఎలాగో కూడా ఆలోచించారా అని సూటిగా అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే వారిని ఒంటరిగా ఉండనివ్వకుండా ఇంటివారికి అప్పగించి, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపిస్తారు.

శోకాన్ని వైద్యులు పద్ధతిగా గమనించడంలో ఒక ఘోర ప్రమాదానికి పెద్ద పాత్ర ఉంది. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. బతికినవారితో, మృతుల బంధువులతో మాట్లాడిన సైకియాట్రిస్టు ఎరిక్ లిండెమన్ 1944లో తీవ్ర శోక లక్షణాలను వివరించారు. సైకియాట్రిస్టు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో చెప్పిన, చావును ఎదుర్కొనే ఐదు దశలు జనంలో బాగా పాకాయి గానీ, అవి చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి గ్రహించినవి. శోకంలో ఉన్నవారిని ఆ మెట్లు ఎక్కించబోవడం తప్పు. 1982లో మనస్తత్వవేత్త విలియం వర్డెన్ శోకించేవారు చేయవలసిన నాలుగు పనులు చెప్పారు. పోయినవారి మీది మమకారాన్ని వెనక్కి తీసుకోవాలన్నది మొదట్లో నాలుగోది. తరువాతి కూర్పుల్లో ఆయనే దాన్ని మార్చి, వారితో అనుబంధం నిలుపుకుంటూనే బతుకులో ముందుకు సాగాలన్నారు. ‘ఇక మర్చిపో’ అనే బంధువులందరూ తెలుసుకోవలసిన మార్పు ఇది.

తెలుగునాట పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం శోకానికి ఒక చోటు, ఒక గడువు ఇస్తాయి. ఆ మేరకు అవి మేలే చేస్తాయి. భర్త పోయిన స్త్రీకి నలుగురిలో బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టే తంతు మాత్రం పుండు మీద కారం. అది ఆమెను శుభకార్యాలకు, మనుషులకు దూరం చేసి కుంగుబాటుకు దారి తీయగలదు. పిల్లలకు ‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్పవద్దని, చనిపోయాడన్న మాటే వాడమని కౌన్సెలర్లు కోరతారు. లేకపోతే ఊరెళ్ళే ప్రతి ఒక్కరి కోసం ఆ పిల్లలు భయపడతారు.

శోకం వదలకపోతే సైకియాట్రిస్టు క్యాథరిన్ షియర్ రూపొందించిన చికిత్స ఉంది. సుమారు 16 వారాలు, వారానికోసారి కలుస్తారు. చావు కబురు తెలిసిన ఘడియను కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినమంటారు. మళ్ళీ మళ్ళీ చెప్పేకొద్దీ ఆ ఘట్టం మనిషిని నిలువునా కూల్చే శక్తిని కోల్పోతుంది. ఆ తర్వాత, పోయినవారు ఎదురుగా ఉన్నట్టు మాట్లాడమని, వారి జవాబు కూడా తానే పలకమని అడుగుతారు. అన్నాళ్ళూ అడగలేకపోయిన క్షమాపణ చాలాసార్లు అప్పుడే బయటికి వస్తుంది.

కుంగుబాటుకు దారి వేరు. మనసు కుదుటపడ్డాక పనులు చేద్దామని కూర్చోకుండా, చిన్న పనులతోనే మనసును కదిలిస్తారు. పొద్దున్నే స్నానం చేసి వీధి చివరిదాకా నడవడం, చెల్లెలికి ఫోన్ చేయడం వంటివి కాగితం మీద రాసుకుని, చేశాక మనసెలా ఉందో పక్కన గుర్తు పెట్టమంటారు. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం ఈ పద్ధతిని మానసిక వైద్యంలో పూర్వానుభవం లేని మామూలు మనుషులకు నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోగులకు ఆరు నుంచి ఎనిమిది విడతలుగా అందించింది. ఫలితం ఉందని 2017లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెల్లడించింది. సైకియాట్రిస్టులు అందుబాటులో లేని మండలాలకు ఇది గొప్ప ఆశ.

మందుల పాత్ర పరిమితం. షియర్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో కుంగుబాటుకు వాడే సిటలోప్రామ్ మాత్ర శోకం తగ్గడానికి ప్రత్యేకంగా తోడ్పడలేదు. షియర్ చికిత్సతో కలిపి ఇచ్చినప్పుడు కుంగుబాటు లక్షణాలను మాత్రం మరింత తగ్గించింది. సహాయం దగ్గర్లో దొరకనివారు, భారతదేశంలో 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.