ఓరుగంటి పూటకూటియిల్లు

మన సాంఘికచరిత్రలో అన్నదానమునకు లభించిన స్థానము అన్నవిక్రయమునకు లభింపలేదు. దీనికి కారణము సులభముగనే ఊహింపవచ్చును. సత్రము కట్టించినవాడు దాత. తన దానము ఆచంద్రార్కము నిలువవలెనని శిలపై వ్రాయించును. రూక పుచ్చుకొని అన్నము పెట్టినవానికి అట్టి అక్కఱ లేదు. అతని లెక్క ఆ పూటతోనే తీరిపోవును. కావున శాసనములను మాత్రమే నమ్ముకొన్నచో, మన నగరములలో పరదేశులందఱును సత్రములలోనే భుజించిరను భ్రాంతి కలుగును. ఈ లోపమును కొంత తీర్చునది కావ్యము. అందులోను ఓరుగంటి నగరవీథిని మనకు చూపిన క్రీడాభిరామము ముఖ్యమైనది. ఆ గ్రంథమున వర్ణితమైన పూటకూటియింటిని ఆధారముగా గొని, నాటి నగరజీవనమున ఈ సంస్థకు గల స్థానమును విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

క్రీడాభిరామము వీథి యను రూపకభేదమునకు చెందినది. కాకతి ప్రతాపరుద్రుని కాలమువాడైన రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామము దీనికి మూలము. ఆ మూలము నేడు లభ్యము కాదు. తెలుగుకృతికి కర్త వినుకొండ వల్లభరాయుడని గ్రంథము చెప్పుచుండగా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఇది శ్రీనాథుని రచనయని వాదించిరి. కర్తృత్వ వివాదము మన విషయమునకు అంతగా అడ్డు రాదు. గోవింద మంచనశర్మయను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టియను వైశ్యుడును ఓరుగంటి వీథులలో తిరుగుచు కన్నదెల్ల వర్ణించుట ఇందలి వస్తువు. ఏకవీరాదేవి గుడి, పల్నాటి వీరగాథల గానము, కోడిపందెములు, మాచల్దేవి ఇల్లు మున్నగు దృశ్యముల నడుమ పూటకూటియిల్లు వచ్చును. విలాసములకును వేడుకలకును నడుమ ఆకలికి చోటు కల్పించుట ఆ కవి లోకజ్ఞతకు గుర్తు.

ఆ పద్యము చిన్నది. అందలి సమాచారము పెద్దది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు ఏమేమి లభించునో కవి పట్టిక వేసినట్లు చెప్పినాడు. కప్పురభోగియను సన్నని వరిరకపు అన్నము, గోధుమపిండితో చేసిన వంటకము, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు విధముల నంజుళ్లు, మీగడ గడ్డలు తేలు క్రొత్తపెరుగు - ఇది భోజనము. ఇందు మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, ధర నిశ్చితము. రెండవది, ఆ ధరకు వడ్డింపవలసిన పదార్థములును నిశ్చితములు. మూడవది, ఇల్లు పేరు చెప్పినంతనే గుర్తింపదగినంత ప్రసిద్ధము. ఈ మూడును కూడినప్పుడే అన్నవిక్రయము ఒక వృత్తి యగును. లేనిచో అది ఆపత్కాలమున ఎవరో ఒకరు చేసిన ఉపకారముగ మిగులును.

అయినను ఒక ఆక్షేపణ కలదు. కాకతీయరాజ్యము 1323లో అంతరించినది. మనకు దక్కిన తెలుగుకృతి అటుపిమ్మట పుట్టినది. మహానగరము పోయినపిదప దానిని తలచుకొను కవి, లేని సంపదను కల్పించి చెప్పియుండవచ్చును గదా? ఈ శంకను తీర్చుకొనుటకు కావ్యమునుండి మరల శాసనమునకే పోవలసియున్నది. ఓరుగంటి కోటలో ఖాన్ సాహెబు తోటయందు దొరికిన శాసనము అంగడిలో అమ్ముడుపోవు సరకులను పేర్కొన్నది. అందు వడ్లు, జొన్నలు, గోధుమలు, పెసలు, నేయి, బెల్లము, కూరగాయలు, అల్లము, ఉల్లి, ఆవాలు, మిరియాలు కలవు. లక్ష్మణవజ్ఝల విస్తరిలోని ముఖ్యపదార్థములు పెక్కు ఈ అంగడిలో లభించునవే. తెలుగునాట సామాన్యముగ వండుకొనని గోధుమ కూడ ఇందుండుట విశేషము. కవి అతిశయించి చెప్పినచో రుచిని అతిశయించినాడేమో కాని సరకును కల్పింపలేదని దీనివలన చెప్పవచ్చును.

ఇక పేరును విచారింతము. పూట, కూడు అను రెండు దేశ్యపదముల కూడిక ఇది. కూడు అను మాట నేడు నీచార్థమున వాడబడుచున్నను, పూర్వము అన్నమునకు గౌరవమైన పేరే. పూట యను పదమున ఈ వ్యవస్థ యొక్క స్వరూపమంతయు ఇమిడియున్నది. సత్రమున అతిథికి ఆశ్రయము. బంధువు నింట సంబంధము. పూటకూటియింట ఒక పూట మాత్రమే. తినినవాడు ఎవరికిని ఋణపడడు, పెట్టినవాడు పుణ్యమును కోరడు.

పుణ్యముమాట వచ్చినది కనుక ధర్మశాస్త్రమును తలపవలసియున్నది. ఆపదయందు వైశ్యవృత్తి నవలంబించిన బ్రాహ్మణుడు సైతము అమ్మరాని వస్తువులలో వండిన అన్నమును మనుస్మృతి దశమాధ్యాయమున చేర్చినది. వజ్ఝల అనునది ఉపాధ్యాయశబ్దభవమైన ఒజ్జకు రూపాంతరమని తోచుచున్నది. అట్టి ఇంటిపేరు గలవాడు బ్రాహ్మణుడగుట స్పష్టము. శాస్త్రము కాదన్నపనిని ఒజ్జలవారి ఇల్లు చేయుచుండగా కవి దానిని నిందింపలేదు, వెక్కిరింపలేదు. పైపెచ్చు నోరూరునట్లు వర్ణించినాడు. శాస్త్రమునకును ఆచారమునకును గల ఎడమును ఇంత నిరాడంబరముగ చూపిన సాక్ష్యము అరుదు. దీని కారణమును ఆచారముననే వెదుకవలెను. ఇల్లు విడిచి వచ్చిన శ్రోత్రియునకు బ్రాహ్మణుడు వండిన అన్నము కావలెను. నగరము పెరిగి వర్తకులును యాత్రికులును రాజసేవకులును వచ్చుచుండగా అట్టి అన్నమునకు గిరాకి పెరిగినది. అనగా, వంటవానికి కులనియమము పెట్టిన ఆచారమే, ఆ వంటను అమ్ముటకు మార్గము తెఱచినది.

దీనికి ఎదురుగ మల్కాపుర శాసనమును నిలిపి చూడవలెను. రుద్రమదేవి కాలమున, 1261లో, విశ్వేశ్వరశివాచార్యుడు వేయించిన ఆ శాసనమున ప్రసూతిశాల, ఆరోగ్యశాలలతోపాటు సత్రమునకును వృత్తులు ఏర్పడినవి. బ్రాహ్మణులు మొదలు చండాలురవఱకు వచ్చిన వారికెల్ల అన్నము పెట్టవలెనని అందు విధింపబడినది. దానము తలుపు అందఱికిని తెఱచియున్నది. పూటకూటియింటి తలుపు తెఱచుటకు రూక కావలెను. రూక యొక్కటియే చాలునని కవి ఎచ్చటను చెప్పలేదు. ధనము పాతకట్టుబాట్లను సడలించునని సామాన్యముగ అందుము. ఓరుగంటి విషయమున ధనము ఒక కట్టుబాటును సడలించి, వేఱొకదానిని గట్టిపఱచినదని చెప్పుట న్యాయము.

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వైష్ణవులకు పెట్టు విందును ఈ భోజనముతో పోల్చినచో మఱియొక భేదము గోచరించును. అచ్చట వానకాలమున వరుగులు, వడియములు. వేసవిని చారు, మజ్జిగపులుసు, చెఱకురసము, లేతకొబ్బరినీరు. చలికాలమున మిరియపుపొడి తగిలిన వేడికూరలు. దాత యింటి వంట ఋతువు ననుసరించినది. లక్ష్మణవజ్ఝల ఇంటి వంట రూక ననుసరించినది. ఏ దినమున పోయినను ఆ రూకకు ఆ విస్తరి అను నమ్మకమే వ్యాపారమునకు మూలధనము.

అయితే ఈ విస్తరిని నాటి ఓరుగంటి ప్రజల నిత్యాహారముగ గ్రహించుట పొరపాటు. పైశాసనముననే జొన్నలు కలవు; పద్యమున లేవు. పల్నాటి జొన్నకూటిని దూఱుచు శ్రీనాథుడు చెప్పినట్లు ప్రచారముననున్న చాటువులు, సన్నబియ్యము ఎల్లరకును అందలేదనుటకు తార్కాణములు. బరువులు మోసిన కూలి, కోట కావలికాచిన బంటు ఏమి తినిరో ఈ పద్యము చెప్పదు. ఒక్క పద్యమును పట్టుకొని యుగమంతయు నేతిలో తేలినదని వ్రాయుట చరిత్ర కానేరదు.

పూటకూటియిల్లు కాకతీయులతో అంతరింపలేదు. మన కథలలో పరదేశమునకు పోయిన రాజకుమారుడు పేదరాశి పెద్దమ్మ ఇంట దిగి, ఆమె చేతిలో ధనము పెట్టి వండించుకొనును. ఆమె ఈ వృత్తికి కథారూపమని నా అభిప్రాయము. 1897లో అచ్చయిన కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ ప్రత్యక్షముగనే కనిపించును. సంతలో సామగ్రి తెచ్చెదనని ఆమెవద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని గిరీశము విలాసమునకు ఖర్చుచేసినాడు. ఓరుగంటిలో ఒజ్జలవారి పేరున వెలసిన ఇల్లు విజయనగరమున దిక్కులేని విధవకు జీవనాధారమైనది. పేరు అదియే, వంట అదియే. గౌరవము మాత్రము జాఱినది. మోసపోయినను ఆమెకు అండగా నిలుచువారు లేరు. వృత్తి యొక్క గౌరవము చేయు పనినిబట్టి గాక చేయువారినిబట్టి నిర్ణయింపబడుట ఇందు స్పష్టముగ తెలియుచున్నది.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించి, రాజుల యుద్ధములకంటె ప్రజల కూడుగుడ్డలే చరిత్రయని మనకు నేర్పిరి. ఆ బాటలో చేయవలసిన పని ఇంకను కలదు. దాతల పేర్లు శిలలపై పదిలముగ నున్నవి. పొయ్యి ఊదినవారి పేర్లు కావ్యములలో, కథలలో, నాటకములలో చెదరియున్నవి. అందు లక్ష్మణవజ్ఝల పేరు ఒక్క రూక భోజనము పుణ్యమున నిలిచినది. తక్కినవారిని వెదకి చేర్చుట విద్యార్థులు పూనుకొనదగిన కార్యము.