దానము – మనస్సాక్షి

కళింగపట్నపు ఒడ్డున నిలిచి వంశధార వెంట పైకి చూచినచో సాలిహుండం కొండ ఎంతో దూరము కాదు. ఆ కొండమీది బౌద్ధ శిథిలములను 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు గుర్తించి లోకమునకు తెలియజేసిరి. అచ్చటి స్తూపములును చైత్యములును భిక్షువుల సొంత సొమ్ముతో లేచినవి కావు. భిక్షువునకు సొంత సొమ్మే లేదు. ఆ కాలపు గృహస్థులును వర్తకులును ఇచ్చిన దానములే విహారములకు ఆధారము. ధర్మసంస్థ ఏదైనను పరుల ధనముమీదనే నిలుచును. కనుక ఒక ప్రశ్న దానిని ఎన్నడును విడువదు: దాత ఉద్దేశమునకు పుచ్చుకొన్నవారు ఎంతవరకు కట్టుబడవలెను? మన పెద్దలు పాత్రదానమనియు అపాత్రదానమనియు విభాగము చేసినది ఇందుకే. ఇటీవలి అర్ధశతాబ్దమున కథోలిక శ్రీసభను కలవరపెట్టిన ఒక వివాదమునకు మూలము కూడ ఈ ప్రశ్నయే.

ఉత్తరాంధ్ర తీరమునకు కథోలిక గురువులు దూరదేశముల నుండి వచ్చిరి. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు సవాయ్ ప్రాంతము నుండి 1846లో విశాఖపట్నము చేరిరి. శ్రీకాకుళము ప్రత్యేక మేత్రాసనమైనది 1993లో. ఆ కాలమున ఐరోపాలో ప్రేషిత కార్యములకు ధనమెట్లు కూడినదో తెలిసికొనదగినది. 1822లో లియాన్ నగరమున ఏర్పడిన ఒక సంఘము వారమునకొక చిల్లర నాణెము చొప్పున సామాన్యులయొద్ద వసూలు చేసెడిది. ఇచ్చిన పేదరాలికి తన కాసు గుడికో, బడికో, ఆకలిగొన్నవానికో చేరునని తెలియును. అందు సందేహమునకు తావు లేదు.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత పరిస్థితి మారినది. 1958లో జర్మను పీఠాధిపతులు మిజెరియోర్ అను సంస్థను స్థాపించిరి. 1962లో కారితాస్ ఇండియా ఏర్పడినది. 1967లో ఆరవ పౌలు పోపుగారు ప్రజల అభ్యుదయమును గూర్చి విశ్వలేఖ వెలువరించిరి. పేదవానికి అన్నము పెట్టిన చాలదు, వాడు పేదవాడగుటకు గల కారణమును తొలగింపవలెనను భావము బలపడినది. అమెరికా పీఠాధిపతులు 1969లో తీర్మానించి, 1970 నవంబరులో దేవాలయములన్నిటను ప్రత్యేక చందా పట్టించిరి. ఆ ధనము అన్నదానమునకు కాదు. కూలికొరకు, ఇంటికొరకు, వీధిదీపము కొరకు పేదలే కూడి పోరాడు సంఘములకు. సంఘమును నడుపుటలో పేదలదే పైచేయి కావలెనని నియమము.

వివాదము ఇక్కడనే పుట్టినది. అన్నము పెట్టినచోట అభిప్రాయభేదముండదు. పోరాడు సంఘమునకు మిత్రులుందురు, శత్రువులుందురు, ఎన్నికలుండును. 1970లో అర్కాన్సాస్ రాష్ట్రమున పుట్టిన ఏకార్న్ అను సంఘమునకు పదేండ్లలో డెబ్బది లక్షల డాలర్లకు పైగా ఈ చందా ధనము చేరినది. ఆ సంఘములో దాదాపు పదిలక్షల డాలర్లు అపహరణమైన సంగతి 2008లో బయటపడగా పీఠాధిపతులు సహాయము నిలిపివేసిరి. అపహరణము సులభముగా తేలు విషయము. తేలనిది వేరొకటి. చందా పొందిన సంఘములు కొన్ని, గర్భస్రావ హక్కును సమర్థించు సంస్థలతో చేతులు కలిపినవని కొందరు విశ్వాసులు ఆరోపించిరి. తమ విశ్వాసము పాపమని చెప్పిన పనికి తమ చేతనే సొమ్ము పెట్టించుచున్నారని వారి బాధ. కొందరు పీఠాధిపతులు తమ మేత్రాసనములలో ఆ చందాయే మానివేసిరి. ఎదుటిపక్షము వారు, అన్ని విషయములందును మనతో ఏకీభవించువారితోనే కూడెదమన్నచో పేదల పక్షమున నిలుచువారే దొరకరనిరి.

ఇరువురును ఒకే త్రాసు పట్టుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దమున నేపుల్సు ప్రాంతపు అల్ఫోన్సు లిగోరి పాపకార్యమునకు తోడ్పడుటను గూర్చి సూక్ష్మవిచారణ చేసెను. పరుని దుష్కార్యమును తానును కోరి సహాయము చేసినవాడు పాపములో భాగస్వామి. కోరక, వేరొక మంచిపనికై చేసిన సహాయము దానికి కొంత తోడైనచో, ఆ పని ఎంత ముఖ్యమో, కీడు ఎంత దగ్గరగా ఉన్నదో తూచిచూడవలెను. తూనికలో అభిప్రాయభేదము తప్పదు. 2010లో పీఠాధిపతులు నియమములు బిగించిరి. ఫలితముగా 2012లో కొలరాడో రాష్ట్రమున వలస శ్రామికులకు తోడ్పడు ఒక చిన్న సంఘము సహాయము కోల్పోయినది. అది చేసిన దోషమేమనగా, తాను చేరియున్న సమాఖ్య స్వలింగ ప్రేమికుల హక్కుల సంఘముతో కూడుట. సమాఖ్యను విడుచుటకు ఆ సంఘము ఒప్పుకొనలేదు. దానికిని ఒక మనస్సాక్షి కలదు.

ఈ మాట మనలను తిరిగి సముద్రతీరమునకు తెచ్చును. లిగోరి స్థాపించిన సభలోని గురువే కేరళ జాలరుల నాయకుడైన టామ్ కొచ్చేరి. మొదట కథోలిక నామముతో ఏర్పడిన జాలరుల సంఘములు తరువాత ఆ పేరు వదలి అన్ని మతములవారికిని ద్వారము తెరచినవి. 1984 ఆందోళనలో గురువులును కన్యాస్త్రీలును నిరాహారదీక్షలు పూనగా శ్రీసభలోనే భేదాభిప్రాయములు కలిగినవి. 1989లో జాలరుల యాత్రలు రెండు కన్యాకుమారికి నడచినవి. ఒకటి బొంబాయి నుండి పడమటి తీరమువెంట, రెండవది బంగాళము నుండి మన తూర్పు తీరమువెంట. 1990 దశకము చివర ఒక అమెరికా ధర్మనిధి కొచ్చేరికి లక్షయేబదివేల డాలర్ల పురస్కారమీయ జూపినది. ఆ నిధికి మూలము చమురు కంపెనీ ధనమని ఆయన దానిని నిరాకరించిరి. సముద్రమును కాపాడుడని పోరాడువాడు చమురు సొమ్ము ముట్టరాదని ఆయన తీర్పు.

అమెరికాలో ఇచ్చువారు పుచ్చుకొనువారిని పరీక్షించిరి. ఇచ్చట పుచ్చుకొనువాడే దాతను పరీక్షించెను. పాత్రతా విచారము రెండువైపులకును వర్తించునని మన వాదములలో తరచు మరచిపోవుదుము. ఆ పురస్కారమును స్వీకరించినచో ఎందరు జాలరుల కుటుంబములకు మేలు కలిగెడిదో అని అడుగువారు కూడ న్యాయముగానే అడుగుదురు. నిరాకరించిన ధనమునకు కూడ ఒక మూల్యమున్నది. దానిని చెల్లించునది నిరాకరించినవాడు మాత్రమే కాదు. తీరమున తెప్ప లాగుకొను సామాన్యుడును చెల్లించును. ఈ సంగతిని ఎరిగి తీర్పు చెప్పినవాని మనస్సాక్షికే విలువ కలదు.