సెప్టిక్ ట్యాంకు మురుగు నియంత్రణ

భూగర్భ మురుగు కాలువలు లేని ఊళ్ళలో, మరుగుదొడ్డి నుండి వచ్చే మురుగును ఇంటి ఆవరణలోనే నిలువచేసి, కొంతవరకు శుద్ధిచేసి, మిగిలినదానిని బయటికి తరలించే పనిని నిబంధనలకు లోబరచుటను సెప్టిక్ ట్యాంకు మురుగు నియంత్రణ అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశ పట్టణ కుటుంబాలలో 32.7 శాతానికి మాత్రమే మురుగు కాలువ సౌకర్యం ఉండగా, 38.2 శాతం సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడ్డాయి. రాయలసీమలోని చిన్న పట్టణాలు, గ్రామాలు ఎక్కువగా ఈ రెండవ కోవకు చెందుతాయి.

పనిచేసే విధానం

ట్యాంకులో చేరిన ఘనపదార్థం అడుగున పేరుకొని, గాలి అవసరం లేని సూక్ష్మజీవుల వలన నెమ్మదిగా కుళ్ళుతుంది. నూనె, జిడ్డు తెట్టెగా పైకి తేలుతాయి. నడుమనున్న నీరు బయటి ఇంకుడు గుంటలోకి పోతుంది. ఈ నీరు శుద్ధమైనది కాదు, రోగకారక క్రిములు అందులో మిగిలే ఉంటాయి. అడుగున చేరిన మడ్డిని రెండు మూడేళ్ళకొకసారి తోడించాలి. తోడించని ట్యాంకు చివరకు మురుగు దాటిపోయే తొట్టిగా మాత్రమే మిగులుతుంది.

నేల స్వభావం

భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం ఐ.ఎస్. 2470 ప్రకారం ఇంకుడు గుంట త్రాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, నివాస గృహానికి 6 మీటర్ల దూరంలో ఉండాలి. గోడకు గోడ ఆనుకొని కట్టిన పాత పేటలలో ఇది దాదాపు అసాధ్యం. సున్నపురాయి, పగుళ్ళున్న రాతి నేలలలో మురుగునీటిని భూమిలోకి ఇంకించరాదని కూడా ఇదే ప్రమాణం చెబుతుంది. మట్టి పొరలలో నీరు వడగట్టబడుతుంది గాని, రాతి సందులలో వడగట్టేది ఏదీ ఉండదు.

గండికోటకు సమీపంలోని జమ్మలమడుగు, కొలిమిగుండ్ల ప్రాంతాలలో విస్తారంగా ఉన్నది సున్నపురాయే. ఇళ్ళకు పరచే, మురుగు గుంతలకు మూతలుగా వేసే కడప బండలు కూడా ఈ జాతి రాయే. నీరు ఈ రాతిని ఎంత దూరం తొలచగలదో నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు చూపుతాయి. పర్యాటక స్థలం కాకముందు ఆ గుహలలో కూడా చుట్టుప్రక్కల వారు చెత్త పారవేసేవారు. వర్షం తక్కువై బోరుబావులపై ఆధారపడే సీమలో ఇది చిన్న విషయం కాదు.

చట్టాలు

పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, చేతులతో మలం ఎత్తించడాన్ని 1993 చట్టం నిషేధించింది. 2013 చట్టం దీనిని సెప్టిక్ ట్యాంకులకు విస్తరించింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపితే మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ట్యాంకులో చేరే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు కొద్ది శ్వాసలలోనే స్పృహ తప్పిస్తుంది. కాపాడబోయి దిగినవారు కూడా మరణించుట ఇందువల్లనే. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో, 1993 నుండి ఇలా మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. 2023 అక్టోబరు 20న మరొక తీర్పులో ఈ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

ఆచరణ

తెలుగు ప్రాంతాలలో ముందడుగు వేసినది వరంగల్. అక్కడ మలవ్యర్థాల శుద్ధి కేంద్రం 2017లో ప్రారంభమైనది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం జాతీయ విధానాన్ని, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పట్టణాలకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించాయి. తోడిన మడ్డిని వాగులో, పొలంలో వదలక శుద్ధి కేంద్రానికే చేర్చుట వీటి ముఖ్యోద్దేశం. అయితే ట్యాంకరు దూరలేని సందులలో, పై మూత మీదనే గది కట్టిన ఇళ్ళలో నిబంధన కాగితానికే పరిమితమవుతుంది.

గండికోట గ్రామం కనుక పట్టణ విధానం దానికి నేరుగా వర్తించదు. గ్రామాలలో మలవ్యర్థాల నిర్వహణను 2020లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండవ దశలో చేర్చారు. కోట గోడల లోపల ఊరు, పర్యాటకులు, పాత కట్టడాలు కలిసియున్నందున ఇక్కడ కొత్త గుంత త్రవ్వవలెనన్నా స్థలం చూచి నిర్ణయించవలసి ఉంటుంది.