స్వాతంత్ర్యం – వ్యక్తి, సమాజం: హైదరాబాద్ సంస్థానం అనుభవం

పరిచయం

భారతదేశానికి స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చిందని అడిగితే 1947 ఆగస్టు 15 అని వెంటనే చెబుతాం. కాని ఆ రోజున నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల ప్రజలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలోనే ఉన్నారు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరలేదు. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం మాత్రం కుదిరింది. చివరకు 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించగా, 17న నిజాం లొంగిపోయాడు.

మరి ఆ సెప్టెంబరు 17న దొర గడీలో వెట్టి చేసే మనిషి కూడా స్వతంత్రుడయ్యాడా? సమాజానికి వచ్చే స్వాతంత్ర్యానికి, వ్యక్తికి దక్కే స్వేచ్ఛకు ఉన్న సంబంధం ఏమిటి? ఈ పాఠ్యభాగంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

రెండు పదాలు, రెండు అర్థాలు

తన తంత్రాన్ని, అంటే తన వ్యవహారాన్ని తానే నడుపుకోవడం స్వాతంత్ర్యం. తన ఇచ్ఛ ప్రకారం నడుచుకోగలగడం స్వేచ్ఛ. వాడుకలో ఈ రెండు పదాలను ఒకదానికి బదులు మరొకటి ఉపయోగిస్తాం. చరిత్ర విద్యార్థి మాత్రం వాటిని వేరుచేసి చూడాలి. ఒక సమాజం తనను తాను పాలించుకోవడం మొదటిది. ఒక వ్యక్తికి తన శ్రమ మీద, తన పంట మీద, తన మాట మీద హక్కు ఉండడం రెండవది. మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది దానంతట అది రాదు. అలాగే రెండవది తోడు లేకపోతే మొదటిది పేరుకే మిగులుతుంది.

వెట్టి: స్వేచ్ఛ లేని బతుకు

సంస్థానంలోని భూమిలో సుమారు 60 శాతం ప్రభుత్వ అధీనంలోని దివానీ భూమి. సుమారు 30 శాతం జాగీర్దార్ల చేతుల్లో ఉండేది. మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్. పేరు ఏదైనా గ్రామంలో పెత్తనం దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీలదే. చాకలి, మంగలి, కుమ్మరి మొదలైన వృత్తికులాల వారు దొర ఇంటికి కూలి లేకుండా పనిచేయాలి. అధికారులు ఊరికి వస్తే దళితులు మూటలు మోయాలి, కబురు తీసుకుని ఊరూరా పరుగెత్తాలి. సొంత పొలంలో పని ఉన్నా దొర పిలుపే ముందు. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అనే మాట ఆ సంబంధం ఎలాంటిదో చెబుతుంది. బాంచెన్ అంటే బానిసను అని అర్థం.

వెట్టిని నియంత్రించే ప్రభుత్వ ఉత్తర్వులు ఆ కాలంలో లేకపోలేదు. వాటిని ప్రజలకు తెలియజేయడం ఆంధ్ర జనసంఘం చేపట్టిన ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఉత్తర్వు ఉందని తెలియని మనిషికి, తెలిసినా దొర ముందు దాన్ని చెప్పుకోలేని మనిషికి ఆ కాగితం వల్ల ప్రయోజనం లేదు. వ్యక్తి స్వేచ్ఛకు చట్టం అవసరమే. అయితే ఆ చట్టాన్ని అడిగి అమలు చేయించుకునే బలం కూడా కావాలి.

వ్యక్తికి అండగా సంఘం

ఆ బలం మొదట భాష ద్వారా వచ్చింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1944 భువనగిరి మహాసభ తరువాత సంఘం గ్రామాల్లోకి విస్తరించింది.

పాలకుర్తిలో కౌలు భూమి సాగుచేసిన చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ స్వాధీనం చేసుకోబోయాడు. సంఘం కార్యకర్తలు అండగా నిలిచి పంటను ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల కాల్పుల్లో మరణించాడు. ఈ రెండు ఘటనలను కలిపి గమనించండి. ఐలమ్మ కోరింది తన పంట మీద తన హక్కు. అది ఒక వ్యక్తి స్వేచ్ఛ. దాన్ని నిలబెట్టడానికి మాత్రం ఊరంతా కదలవలసి వచ్చింది.

మాట్లాడే స్వేచ్ఛ సంగతి కూడా అంతే. యూనియన్‌లో విలీనాన్ని సమర్థించిన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హత్య చేశారు. అభిప్రాయం చెప్పినందుకు ప్రాణం పోయే చోట సమాజం తన భవిష్యత్తును తానే నిర్ణయించుకోలేదు.

1948 తరువాత

సైనిక చర్యతో నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యం ముగిశాయి. అయితే ఆ రోజులు అందరికీ ఒకేలా లేవు. అప్పటి హింసలో, ముఖ్యంగా మరాఠ్వాడా ప్రాంతంలో, వేలాది మంది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. పరిశీలనకు వచ్చిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ఒకే తేదీ కొందరికి విముక్తి దినం, మరికొందరికి విషాద దినం అయింది. సమాజ స్వాతంత్ర్యాన్ని అంచనా వేసేటప్పుడు ఇద్దరి అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

గ్రామాల్లో కొన్నిచోట్ల పారిపోయిన దొరలు తిరిగివచ్చి, సంఘం పంచిన భూములను వెనక్కి తీసుకున్నారు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు కొనసాగింది. మరోవైపు 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని, 23వ అధికరణం ద్వారా వెట్టిని నిషేధించింది. 1952 ఎన్నికల్లో దొర, వెట్టివాడు ఇద్దరికీ ఒక్కొక్క ఓటే. ఆ ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు నాయకత్వంలో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం ఏర్పడింది.

రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పక్కపక్కనే ఎక్కువకాలం నిలవలేవని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. రాజ్యాంగం వచ్చిన పాతికేళ్ల తరువాత కూడా, 1976లో, అప్పు పేరుతో మనిషిని కట్టివేసే వెట్టిచాకిరిని నిర్మూలించడానికి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. ఆ హెచ్చరిక ఎంత సరైనదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

సారాంశం

సమాజ స్వాతంత్ర్యానికి తేదీ ఉంటుంది. వ్యక్తి స్వేచ్ఛ మాత్రం చట్టం, భూమి, చదువు, ఓటు, సంఘబలం ద్వారా ఒక్కొక్క మెట్టుగా చేరుతుంది. తన ఊరిలో ఎవరి ముందూ చేతులు కట్టుకోనవసరం లేని మనిషికే దేశ స్వాతంత్ర్యం తనదిగా అనిపిస్తుంది. అలాంటి మనుషులు ఎంతమంది ఉన్నారనేదే ఒక సమాజం ఎంత స్వతంత్రమో తెలిపే కొలమానం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెట్టిని నియంత్రించే ఉత్తర్వులు ఉన్నా వెట్టి ఎందుకు కొనసాగింది?
2. 1948 సెప్టెంబరు 17, 1950 జనవరి 26 – ఈ రెండింటిలో ఒక వెట్టి మనిషి జీవితంలో ఏది ఎక్కువ మార్పు తెచ్చిందని మీరు భావిస్తారు? కారణాలు రాయండి.
3. మీ ఊరి పెద్దలను అడిగి, అక్కడ వెట్టి ఎలా ఉండేదో, ఎలా ఆగిపోయిందో ఒక పేజీ రాయండి.