వారానికి సంఖ్య ఎలా వచ్చింది?

విద్యార్థులారా, మన భాషలో 'వారం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సోమవారం అంటే ఒక రోజు. వారం రోజులు అంటే ఏడు రోజుల కాలం. వాడుకలో దీనివల్ల ఇబ్బంది లేదు. కాని వ్యాపార పత్రంలో 'సరుకు 20వ వారంలో పంపవలెను' అని రాస్తే, ఆ వారం ఏ తేదీన మొదలవుతుందో ఇరుపక్షాలకూ ఒకేలా తెలియాలి. జర్మనీ వర్తకంలో గడువులను ఇలా వారం సంఖ్యతో చెప్పడం పరిపాటి.

365 రోజుల్లో 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. లీపు సంవత్సరంలో రెండు. అందుచేత సంవత్సరం వారం మధ్యలో మొదలుకావచ్చు. అప్పుడు ఆ వారం ఏ సంవత్సరానికి చెందుతుంది? అమెరికా అలవాటు ప్రకారం వారం ఆదివారంతో మొదలవుతుంది, జనవరి 1 ఉన్నదే మొదటి వారం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1971లో వేరొక పద్ధతిని సిఫారసు చేసింది. 1988లో వెలువడిన 8601వ ప్రమాణంలోనూ అదే పద్ధతి చేరింది. దీని ప్రకారం వారం సోమవారంతో మొదలవుతుంది. సంవత్సరపు తొలి గురువారం ఉన్నది మొదటి వారం.

గురువారమే ఎందుకు? సోమవారం నుంచి లెక్కిస్తే అది నడిమి రోజు. గురువారం ఏ సంవత్సరంలో పడితే, ఆ వారంలో కనీసం నాలుగు రోజులు ఆ సంవత్సరానివే. నా దృష్టిలో ఇది చక్కని పరిష్కారం. ఏ వారాన్నీ రెండుగా చీల్చనవసరం లేదు. కొన్ని సంవత్సరాలకు మాత్రం 53 వారాలు వస్తాయి. 400 ఏళ్లలో అటువంటివి 71.

ఇక కంప్యూటర్ల సంగతి. ఎక్సెల్‌లోని 'వీక్‌నమ్' సూత్రానికి వేరుగా చెప్పకపోతే అమెరికా పద్ధతినే పాటిస్తుంది. అంతర్జాతీయ పద్ధతికి విడిగా 'ఐఎస్ఓ వీక్‌నమ్' సూత్రం 2013 కూర్పులో వచ్చింది. తేడా ఎంతో మీరే చూడండి. 2021లో అంతర్జాతీయ 20వ వారం మే 17న మొదలైంది. అమెరికా లెక్కలో 20వ వారం మే 9 నుంచి 15 వరకే. కొనుగోలుదారు మొదటి లెక్కను, సరఫరాదారు రెండవ లెక్కను వాడితే సరుకు వారం ముందే గిడ్డంగికి చేరుతుంది. పాత్రలు తారుమారైతే వారం ఆలస్యమవుతుంది, ఇది మరింత నష్టం.

మరో పొరపాటు సంవత్సరం దగ్గర జరుగుతుంది. 2014 డిసెంబరు 29 సోమవారం. అది 2015 మొదటి వారానికి చెందినది. చాలా ప్రోగ్రామింగ్ వ్యవస్థల్లో వారాల లెక్కకు వాడే సంవత్సరాన్ని పెద్ద 'వై' అక్షరాలతో, మామూలు సంవత్సరాన్ని చిన్న 'వై' అక్షరాలతో సూచిస్తారు. అక్షరం మారితే ఆ తేదీ 2015 డిసెంబరు 29గా అచ్చవుతుంది. ఈ దోషం ఏడాదిలో మిగతా రోజుల్లో కనబడదు కనుక పరీక్షల్లో సులభంగా తప్పించుకుంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 2027 జనవరి 1 శుక్రవారం. అంతర్జాతీయ పద్ధతిలో అది ఏ సంవత్సరంలో ఎన్నవ వారం? (జవాబు: 2026లో 53వ వారం.)